ఆగడం తెలిసిన తీగ

ఇంట్లో వీణ ఉన్నవాళ్ళకు ఇది అనుభవమే. సారణి తీగను ఒక్కసారి మీటి చెయ్యి తీసేస్తే నాదం వెంటనే పోదు. సాగుతుంది, సన్నబడుతుంది, ఎప్పుడు ఆగిందో తెలియకుండా ఆగుతుంది. ఆ సాగుడు ఉంది కాబట్టే తీగను పక్కకు లాగి గమకం పలికిస్తాం, ఒక్క మీటులో మూడు నాలుగు స్వరాలు రాబడతాం. వీణ కొనడానికి వెళ్ళిన పెద్దలు కూడా ముందు ఒక మీటు మీటి, చెవి ఒగ్గి, నాదం ఎంతసేపు నిలుస్తుందా అని చూస్తారు.

స్పెయిన్ దక్షిణ భాగంలో ఆందలూసియా అనే ప్రాంతం ఉంది. సెవిల్, కోర్దోబా, గ్రనడా ఆ సీమ ఊళ్ళే. అక్కడ ఫ్లమెంకో గిటారు చేసే పనివాడు కూడా తీగ మీటి చెవి ఒగ్గుతాడు. ఆయన వెతికేది మాత్రం వేరు. నాదం ఠక్కున పుట్టిందా? పుట్టినంత చురుగ్గా తప్పుకుందా? మనం మురిసిపోయే ఆ పొడుగాటి సాగుడు ఆయనకు లోపం. ఎందుకలా అనేదే ఇవాళ్టి ముచ్చట.

ఫ్లమెంకోలో మూడు అంగాలు. పాటను కాంతే అంటారు, ఆటను బాయిలే అంటారు, గిటారు వాయించడాన్ని తోకే అంటారు. ఈ ముగ్గురిలో పెద్ద పాటే. బొంగురు గొంతుతో, గుండె లోతుల్లోంచి పెకలించినట్టు పాడే పాట అది. పక్కన చప్పట్లు కొట్టేవాళ్ళు ఉంటారు. ముందు మడమలతో చెక్క నేలను దంచుతూ ఆడే మనిషి ఉంటుంది. మైకు లేని రోజుల్లో ఈ గొంతుకూ, ఈ చప్పట్లకూ, ఈ పాదాలకూ మధ్య గిటారు వినబడాలి. అలాగని గొంతు మీద పడి కప్పేయనూ కూడదు. పాట పల్లవించేటప్పుడు పక్కకు తప్పుకోవాలి. పాటగాడు ఊపిరి తీసుకునే సందులో చటుక్కున దూరి ఒక మాట అనాలి. మళ్ళీ గొంతు లేచేసరికి ఆ మాట గాలిలో మిగిలి ఉండకూడదు. మన కచేరీలో పక్కవాద్యం వాయించేవారికి ఈ మర్యాద బాగా తెలుసు. ఫ్లమెంకోలో ఆ మర్యాదను వాయించేవాడితో పాటు చెక్కకే నేర్పారు.

ఆ చెక్క సంగతి చూద్దాం. ఇవాళ మనం చూసే స్పానిష్ గిటారుకు ఒక రూపం తెచ్చినవాడు అంటోనియో దె టొర్రెస్. అల్మెరియా దగ్గర 1817లో పుట్టి, 1892లో పోయాడు. సెవిల్‌లో దుకాణం పెట్టి గిటార్లు చేశాడు. గిటారు పొట్టను పెంచాడు. పై పలకను పలచన చేసి, దాని లోపల సన్నటి కర్ర పుల్లలను విసనకర్ర మాదిరిగా పరిచి అతికించే పద్ధతిని ఒక కొలిక్కి తెచ్చాడు. తీగ మోగే పొడవు 650 మిల్లీమీటర్లు అనేది కూడా ఆయన తరవాతే స్థిరపడింది.

ఆయన 1862లో ఒక విచిత్రమైన గిటారు చేశాడు. పైపలక మామూలు కర్రే. పక్కలూ వెనకభాగమూ మాత్రం కాగితపు గుజ్జు అట్టతో చేశాడు. అది ఇప్పటికీ బార్సిలోనాలోని సంగీత మ్యూజియంలో ఉంది. నాదానికి ప్రాణం పైపలకే, మిగతాదంతా దాన్ని మోసే పెట్టె అని చెప్పడానికి ఆ పని చేశాడు. అయితే మోసే పెట్టె బరువుగా ఉంటే ఒక తీరు, తేలిగ్గా ఉంటే ఒక తీరు కదా. ఫ్లమెంకో గిటారు కథ అక్కడే మొదలవుతుంది.

ఆందలూసియాలో సైప్రస్ చెట్టు సులువుగా దొరుకుతుంది. లేత పసుపు రంగులో, తేలిగ్గా, కోస్తే ఘాటైన వాసన వేసే కర్ర. పాటగాడి పక్కన కూర్చుని కూలికి వాయించే మనిషికి దూరదేశాల నుంచి వచ్చే ఖరీదైన రోజ్‌వుడ్ ఎక్కడ అందుతుంది? అందుబాటులో ఉన్న సైప్రస్‌తోనే వెనకా పక్కలూ చేయించుకున్నాడు. పైన మాత్రం స్ప్రూస్ పలక. తీగలు బిగించడానికి లోహపు మరలు కాకుండా వీణకు ఉన్నట్టే కర్ర బిరడాలు. ఇలాంటి గిటారును బ్లాంకా అంటారు, అంటే తెల్లది. కిలోన్నర కూడా తూగదు. మీటిన వెంటనే పెట్టె మొత్తం కదులుతుంది, కదిలినంత వేగంగా సద్దుమణుగుతుంది. చవక కర్రతో సరిపెట్టుకున్నవాళ్ళకు ఆ సంగీతానికి కావలసిన స్వభావం ఆ కర్రలోనే దొరికింది.

తీగల ఎత్తు కూడా చూడండి. శాస్త్రీయ సంగీతం వాయించే గిటారు మీద, బ్రిడ్జి దగ్గర తీగకూ పై పలకకూ మధ్య సుమారు 11 మిల్లీమీటర్ల ఎడం ఉంటుంది. ఫ్లమెంకో గిటారులో 8 దాకానే. మెట్ల మీద కూడా తీగలు బాగా కిందికి ఉంటాయి. గట్టిగా కొడితే మెట్టుకు తగిలి జిర్రుమంటాయి. శాస్త్రీయ గిటారు వాయించేవాళ్ళు ఆ జిర్రును తప్పు అంటారు. ఫ్లమెంకోవాళ్ళకు అది కొంత కావాలి. మనం మాత్రం తంబురా బ్రిడ్జి మీద జీవాళి పోగు పెట్టి ఆ జుమ్మనే శబ్దాన్ని కోరి తెచ్చుకోవడం లేదూ? నాదంలో కాస్త గరుకు ఉంటేనే ప్రాణం ఉన్నట్టు. ఆ పాటగాడి గొంతులోనూ అదే గరుకు.

పై పలక మీద, తీగలకు పక్కగా, ఒక పలుచని ప్లాస్టిక్ రేకు అతికించి ఉంటుంది. అది అలంకారం కాదు. వాయించేవాడు స్వరం మధ్యలోనే ఉంగరపు వేలి గోటితో పలక మీద టక్కుమని కొడతాడు. దాన్ని గోల్పే అంటారు. రేకు లేకపోతే మెత్తటి స్ప్రూస్ పలక కొన్నాళ్ళకే చిల్లులు పడుతుంది. తీగలు పలకకు దగ్గరగా ఉండడం ఇందుకూ ఉపయోగమే. వేలు ఎక్కువ దూరం పోనక్కరలేదు. అంటే ఈ గిటారు ఒక చేత్తో వీణ, ఒక చేత్తో మృదంగం.

ఇక కుడి చేతి పని. పిడికిలి ముడిచి ఒక్కొక్క వేలునూ విసనకర్ర విప్పినట్టు బయటికి విసురుతూ ఆరు తీగలనూ గోళ్ళతో గీసేది రస్గేయాదో. ఒక్క చేతి నుంచి డప్పుల గుంపు వచ్చినట్టుంటుంది. చూపుడు వేలూ మధ్యవేలూ నడిచే కాళ్ళలా మారుస్తూ ఒక్కో స్వరాన్నీ గింజ గింజగా రాల్చేది పికాదో. బొటనవేలి గోటిని కిందికీ పైకీ కొరడాలా ఆడించేది అల్‌సపువా. శాస్త్రీయ గిటారులో త్రెమొలో అంటే ఒక దెబ్బకు నాలుగు స్వరాలు, ఫ్లమెంకోలో అయిదు. ఇవన్నీ గోళ్ళతో కొట్టేవే. అందుకే ఆ వాద్యకారులు కుడిచేతి గోళ్ళను కళ్ళల్లో పెట్టుకుని చూసుకుంటారు. విరిగితే జిగురు పూసి గట్టిపరుచుకునేవారూ ఉన్నారు.

ఇప్పుడు ఆ కర్ర గుణం ఎందుకు కావలసి వచ్చిందో అర్థమవుతుంది. సెకనుకు పది పన్నెండు దెబ్బలు పడేచోట ప్రతి దెబ్బా వీణ నాదంలా సాగుతూ ఉంటే అంతా ముద్దయిపోతుంది. ముందు దెబ్బ చోటు ఖాళీ చేస్తేనే వెనక దెబ్బ వినబడుతుంది.

నాదం తరవాత శ్రుతి. గిటారు ఆరు తీగలనూ మామూలుగా ఎలా శ్రుతి చేస్తారో మన స్వరాల్లో చెబుతాను, సంగీతం నేర్చుకున్న శ్రోతలు మనసులో పాడుకోండి. అన్నిటికన్నా లావుపాటి ఆరో తీగను షడ్జమం అనుకోండి. అయిదో తీగ శుద్ధ మధ్యమం. నాలుగోది కైశికి నిషాదం. మూడోది పై స్థాయి సాధారణ గాంధారం. రెండోది పంచమం. మొదటి తీగ మళ్ళీ షడ్జమం, రెండు స్థాయిల పైన. స, గ, మ, ప, ని. ఏ మెట్టూ నొక్కకుండా ఖాళీ తీగలు మీటితే మన శుద్ధ ధన్యాసి స్వరాలు వరసగా ఒళ్ళో పడతాయి.

అక్కడి నుంచి ఫ్లమెంకో తన దారి పట్టింది. దాని ముఖ్యమైన స్వరస్థానాలు మన హనుమతోడి మేళానివి. శుద్ధ రిషభం, సాధారణ గాంధారం, శుద్ధ ధైవతం. అయితే వాక్యం ముగించి షడ్జమం మీద వాలేటప్పుడు గాంధారం పైకి లేచి అంతర గాంధారం అవుతుంది. అప్పుడు మన చెవికి వకుళాభరణం ఛాయ తగులుతుంది. మేళాలు కలిశాయి కదా అని రాగం కలిసిందనుకోవద్దు. ఆ గమకాలు వేరు, నడక వేరు. కానీ తోడి విని పెరిగిన చెవికి ఫ్లమెంకో మొదటిసారి విన్నప్పుడే చుట్టరికం ఉన్నట్టు అనిపించడానికి కారణం ఇదే. ఫ్లమెంకోను పెంచి పోషించినవాళ్ళలో హితానోలు, అంటే స్పెయిన్ జిప్సీలు, ముఖ్యులు. వాళ్ళ పూర్వీకుల రోమానీ భాష మన ఉత్తర భారత భాషల కుటుంబానిది. వాళ్ళు స్పెయిన్ చేరిన తొలి ఆధారం 1425 నాటిది. అంతమాత్రాన ఫ్లమెంకో ఇక్కడి నుంచే వెళ్ళిందనడం తొందరపాటు. అరబ్బుల, యూదుల, ఆందలూసియా పల్లె జనాల పాటలన్నీ అందులో కరిగాయి.

ఏ తీగను షడ్జమంగా పట్టుకోవాలి అనేదాని మీద ఫ్లమెంకోవాళ్ళు పేర్లు పెట్టుకున్నారు. ఆరో తీగ షడ్జమమైతే పోర్ అర్రీబా, అంటే పైన. అయిదో తీగ షడ్జమమైతే పోర్ మెదియో, అంటే మధ్యన. గనుల్లో పనిచేసేవాళ్ళ పాట తరంతా అని ఒకటుంది. దానికి షడ్జమం ఏ ఖాళీ తీగ మీదా ఉండదు, ఆరో తీగ రెండో మెట్టు మీద ఉంటుంది. అప్పుడు ఖాళీగా ఉన్న మూడో తీగ శుద్ధ రిషభం అవుతుంది. షడ్జమమూ, దానికి ఆనుకున్న రిషభమూ ఒకేసారి మోగుతుంటాయి. ఆ రెండూ ఒరుసుకునే చప్పుడు వింటే భూమి కింద చీకటిలో ఉన్నట్టే ఉంటుంది. శ్రుతి తీగలను ఇలా అపశ్రుతి అంచుదాకా తీసుకుపోయి నిలపడం ఫ్లమెంకో గడుసుతనం.

రమోన్ మొంతోయా అనే మాద్రిద్ హితానో, 1879లో పుట్టినవాడు, రొందేన్యా అనే రచనకు తీగల శ్రుతినే మార్చాడు. ఆరో తీగను ఒక స్వరం కిందికి దింపాడు, మూడో తీగను అరస్వరం దింపాడు. ఖాళీ తీగలు మీటితేనే గుబులు పుట్టే శ్రుతి అది. 1936లో పారిస్‌లో ఆయన ఒక్కడే కూర్చుని వాయించిన రికార్డులు వచ్చాయి. అంతవరకూ పక్కవాద్యంగా ఉన్న గిటారు ఒంటరిగా కూడా నిలబడగలదని లోకానికి చెప్పినవి అవే.

మరి పాటగాడి శ్రుతి మాటేమిటి? మనవాళ్ళు ఒకరు ఒకటిన్నర శ్రుతికి పాడతారు, ఒకరు అయిదు శ్రుతికి పాడతారు. అక్కడా అంతే. దానికి వాళ్ళ దగ్గర సెహీయా అనే చిన్న సాధనం ఉంది. వేలెడంత చెక్కముక్క, దాన్ని గిటారు మెడకు బిగించే తాడు, ఆ తాడును మెలిపెట్టే బుల్లి బిరడా. కావలసిన మెట్టు మీద దాన్ని బిగిస్తే ఆరు తీగలూ ఒక్కసారే ఆ ఎత్తుకు లేస్తాయి. వేళ్ళ పట్టు మారదు, శ్రుతి మారుతుంది. నాలుగో మెట్టు మీద, మధ్యన అని పాటగాడు ఒక్క మాట అంటే చాలు, గిటారు సిద్ధం.

చాలుననుకుంటాం కానీ చాలదు. సెహీయా బిగించగానే తీగలు కొద్దిగా లాగబడి శ్రుతి పైకి పోతుంది. అన్నీ సమానంగా పోవు. మూడో తీగ మరీ మొండిది. మళ్ళీ సరిచూసుకోవాలి. పైగా వీణ మెట్లను మైనంలో నిలిపి చెవికి నచ్చినట్టు సర్దుకుంటాం. గిటారు మెట్లు చెక్కలో దిగగొట్టినవి. స్థాయిని 12 సమాన భాగాలు చేసి కోసినవి. ఒక పట్టుకు తీగలు అచ్చంగా కలిసేలా తిప్పితే ఇంకో పట్టులో అదే తీగ కాస్త తప్పుతుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్ళు ఖాళీ తీగలు కలిశాయని ఊరుకోరు. ఆ పూట వాయించబోయే పాట ఏ పట్టు మీద వాలుతుందో ఆ పట్టు పట్టి, అది చెవికి ఇంపుగా ఉండేలా చివరి సవరణ చేసుకుంటారు. తీగల సంగతీ అంతే. వెనకటికి సన్న తీగలు జంతువుల పేగుతో చేసేవారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అవి కరవయ్యాయి. ఆ రోజుల్లో న్యూయార్క్‌లో ఆల్బర్ట్ అగస్టీన్ అనే ఆయన నైలాన్‌తో గిటారు తీగలు చేశాడు. కొత్త నైలాన్ తీగ వేస్తే అది సాగి సాగి ఒక దారికి రావడానికి రోజులు పడుతుంది. కచేరీ రోజున కొత్త తీగ వేసిన వాడి పాట్లు పగవాడికి కూడా వద్దు.

ఇక గిటార్లు చేసినవాళ్ళను తలుచుకోవాలి. మాద్రిద్‌లో మనుయెల్ రమీరెజ్ దుకాణంలో సాంతోస్ ఎర్నాందెజ్, దొమింగో ఎస్తేసో అనే ఇద్దరు పని చేసి, తరవాత ఎవరి దుకాణం వాళ్ళు పెట్టుకున్నారు. ఎస్తేసో మేనల్లుళ్ళే కోందే సోదరులు. వాళ్ళ గిటార్లనే పాకో దె లూసీయా ఎక్కువ కాలం వాయించాడు. కోర్దోబాలో మనుయెల్ రేయెస్ చేసిన గిటార్లు విసెంతే అమీగో చేతిలో పలికాయి.

పాకో పేరు వచ్చింది కాబట్టి ఆయన దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. సముద్రపు ఒడ్డున ఉన్న అల్హెసిరాస్‌లో 1947లో పుట్టాడు. అసలు పేరు ఫ్రాన్సిస్కో సాంచెజ్ గోమెజ్. ఆ వీధిలో పాకోలు చాలామంది. ఏ పాకో అంటే, లూసీయా గారి పాకో అని తల్లి పేరుతో పిలిచేవారు. అదే లోకానికి తెలిసిన పేరయింది. చిన్నప్పుడు సెవిల్ విద్వాంసుడు నీన్యో రికార్దో బాణీని నేర్చుకుని దించేశాడు. స్పెయిన్ అంతర్యుద్ధం నాడు దేశం వదిలి, తరవాత న్యూయార్క్‌లో స్థిరపడిన సబీకాస్ అనే మహా విద్వాంసుడు ఆ కుర్రవాడి వాయింపు విని, ఇంకొకరిది కాదు, నీది నువ్వు వాయించుకో అనే అర్థంలో హితవు చెప్పాడు. ఆ మాట మనసుకు పట్టింది. 1973లో వచ్చిన ఎంత్రే దోస్ ఆగ్వాస్ అనే రచన ఆయన్ను ఇంటింటికీ చేర్చింది. కమరోన్ దె లా ఇస్లా అనే గాయకుడి పాటకు పక్కన కూర్చుని వాయించిన రికార్డులు మాత్రం తెలిసినవాళ్ళు ఇప్పటికీ గుండెలకు హత్తుకునేవి. పెరూ నుంచి కహోన్ అనే చెక్కపెట్టె వాద్యాన్ని ఫ్లమెంకోలోకి తెచ్చినవాడూ ఆయనే.

గిటారు ఒంటరిగా పెద్ద వేదిక ఎక్కాక ఒక చిక్కు వచ్చింది. పక్కన పాట లేదు. ఖాళీ వదిలితే నింపేవాడు లేడు. కాస్త సాగే నాదం కావలసి వచ్చింది. అప్పుడు రోజ్‌వుడ్‌తో చేసిన ఫ్లమెంకో గిటార్లకు గిరాకీ పెరిగింది. రంగును బట్టి వాటిని నేగ్రా అన్నారు, అంటే నల్లది. ఆ రోజ్‌వుడ్‌లో దక్షిణ భారతపు అడవుల్లో పెరిగే జిట్రేగి కూడా ఉంది. నల్లది వచ్చినా తెల్లది పోలేదు. పాటగాడి పక్కన కూర్చోవాలంటే ఇప్పటికీ చాలామంది తెల్లదాన్నే తీస్తారు.

పాకో 1980 డిసెంబరులో శాన్ ఫ్రాన్సిస్కోలో జాన్ మెక్‌లాఫ్లిన్, అల్ డి మియోలా అనే గిటారు విద్వాంసులతో కలిసి వాయించిన కచేరీ రికార్డుగా వచ్చి ప్రపంచమంతా తిరిగింది. ఈ మెక్‌లాఫ్లిన్ మనకూ ఆప్తుడే. మన పాలకొల్లు బిడ్డ మాండొలిన్ శ్రీనివాస్ ఆయన రిమెంబర్ శక్తి బృందంలో ఏళ్ళ తరబడి వాయించాడు. శ్రీనివాస్ ఏం చేశాడు? నాలుగు జంట తీగలున్న మాండొలిన్ మన గమకాలకు లొంగదని, జంటలు తీసేసి అయిదు ఒంటి తీగలు పెట్టుకున్నాడు. విద్యుత్తు సాయంతో నాదాన్ని నిలబెట్టుకున్నాడు. తెంపుగా ఆగిపోయే వాద్యానికి ఆయన సాగడం నేర్పాడు. ఫ్లమెంకో పనివాళ్ళు గిటారుకు ఆగడం నేర్పారు. పాకోతోనూ శ్రీనివాస్‌తోనూ వాయించిన మనిషి మెక్‌లాఫ్లిన్. 2014 ఫిబ్రవరిలో పాకో పోయాడు, అదే ఏడు సెప్టెంబరులో శ్రీనివాస్ పోయాడు.

చివరగా తాళం. సొలెయా, బులెరీయాస్ వంటి పాటలకు ఆవర్తనం 12 మాత్రలది. మన జతుల్లో చెప్పాలంటే తకిట తకిట తక తక తక. మూడు, మూడు, రెండు, రెండు, రెండు. చప్పట్లు కొట్టేవాళ్ళకూ, ఆడేవాళ్ళకూ, గిటారుకూ ఇదే ఊపిరి. వాళ్ళు దీన్ని కొంపాస్ అంటారు. అది తప్పినవాడు ఎంత వేగంగా వాయించినా లెక్కలోకి రాడు.

మన తీర్మానం ఎక్కడ పడాలి? సమం మీద. అక్కడ పడితేనే సభ తల ఊపుతుంది. బులెరీయాస్‌లో వాక్యం సమం దాకా పోదు. చివరి తక ఉంది చూడండి, దాని మొదటి దెబ్బ మీదే ఠక్కున తెగుతుంది. మన లెక్కలో అది పదకొండో మాత్ర, 12తో ఎంచడం మొదలుపెట్టే వాళ్ళ లెక్కలో పదోది. మిగిలిన చోటును ఎవరూ నింపరు. ఆ క్షణంలో గిటారు నాదం కూడా సాగుతూ ఉండకూడదు. ఉంటే ఆ తెగింపు మొద్దుబారిపోతుంది. టొర్రెస్ పలచన చేసిన పలకా, తేలికైన సైప్రస్సూ, కిందికి దించిన తీగలూ పనికివచ్చేది ఆ ఒక్క ఖాళీ దగ్గరే. ఆ ఖాళీలోనే చుట్టూ ఉన్నవాళ్ళు ఓలే అంటారు.

ఈసారి ఫ్లమెంకో వినే అవకాశం వస్తే వేళ్ళ వేగం లెక్కపెట్టకండి. ఆగే చోటు కోసం కాచుకోండి. కూర్చున్న చోటే మోకాలి మీద ఒకసారి వేసి చూడండి.

తకిట తకిట తక తక త.